పాత బ్రిటిష్ విమానం ముక్క దొరికితే: ఏ విమానానిదో గుర్తుపట్టి బాగుచేయడం ఎలా?

ఇంగ్లండులో ఏరోజంబుల్ అని పాత విమాన సామాన్ల సంతలు జరుగుతుంటాయి. గేజీలు, స్విచ్‌లు, బ్రాకెట్లు, లీవర్లు బల్లల మీద గుట్టలుగా పోసి అమ్ముతారు. ఊరూపేరూ తెలియని ముక్కలన్నీ అక్కడ స్పిట్‌ఫైర్‌వే, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో పేరుమోసిన బ్రిటిష్ యుద్ధ విమానానివే! ఆ పేరు చెప్తే ధర పలుకుతుంది మరి. అమ్మేవాళ్ల మాట పక్కనపెట్టి, ముక్క మీదున్న అంకెల్నీ ముద్రల్నీ చూడాలి. అవి చెరిగిపోకుండా కాపాడుకుంటే సగం పని అయినట్టే.

1. ముందు ప్రమాదం సంగతి

రెండో ప్రపంచ యుద్ధం నాటి చాలా గేజీల డయల్ మీద, చీకట్లో కనబడాలని రేడియం కలిపిన రంగు పూసేవారు. ఇప్పుడు వెలగడం లేదు కాబట్టి పర్వాలేదులే అనుకోవద్దు. పాడైపోయింది వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ మాత్రమే, రేడియం అలాగే ఉంది. దాని అర్ధాయువు సుమారు 1,600 ఏళ్లు. అద్దం ఊడదీయకండి, డయల్ గీకకండి, అద్దం పగిలినదైతే కొననే కొనకండి. బాగున్నదాన్ని కూడా గాలి ఆడే చోటే ఉంచండి.

ఎజెక్షన్ సీటు భాగాలు, ఇంజన్ స్టార్టర్ తూటాల్లో మందుగుండు మిగిలి ఉండొచ్చు. అనుమానం వస్తే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి. ఇంజన్ దగ్గరి గాస్కెట్లు, వేడి తగలకుండా చుట్టిన పట్టీల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ.

నేలలోంచి తవ్వి తీసిన ముక్కైతే కాగితాలు అడగండి. బ్రిటన్‌లో 1986 నాటి సైనిక అవశేషాల రక్షణ చట్టం ప్రకారం, సైనిక విమానం కూలిన చోట రక్షణ శాఖ లైసెన్సు లేకుండా తవ్వకూడదు. వాటిలో కొన్ని చోట్ల పైలట్ల అవశేషాలు ఇంకా ఉన్నాయి.

2. తోమే ముందు చదవండి

ఇంటికి తేగానే మెరిపించాలని చేతులు దురద పెడతాయి. ఆగండి. ఇన్‌స్పెక్టర్ల ముద్రల్లో చాలావరకు సిరాతో వేసినవే. థిన్నర్ గుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు, పోతాయి.

గదిలో లైటు ఆపి, టార్చి వెలుగు పక్క నుంచి ఏటవాలుగా పడేలా పట్టుకుని ఫొటోలు తీయండి. ఎదురుగా చూస్తే నున్నగా కనబడే చోట కూడా అంకెల నీడలు లేస్తాయి. ఉలితో కొట్టినట్టు లోతుగా ఉన్నవైతే పల్చటి కాగితం పరిచి మెత్తటి పెన్సిల్‌తో రుద్దండి. 3, 8 ఒకేలా కనబడతాయి కాబట్టి రెండు మూడు కోణాల్లో చూశాకే రాసుకోండి.

ఇప్పుడు అంకెల అర్థం. స్పిట్‌ఫైర్ భాగాల నంబర్లు సాధారణంగా డిజైన్ టైపు నంబరుతో మొదలవుతాయి. మార్క్ అంటే ఆ విమానంలో ఒక రకం. 300 అంటే మార్క్ 1, 329 అంటే మార్క్ 2, 349 మార్క్ 5, 361 మార్క్ 9, 379 మార్క్ 14. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 300 కనబడగానే అది 1940 నాటి బాటిల్ ఆఫ్ బ్రిటన్ విమానానిదే అని సంబరపడిపోతారు. మొదట గీసిన భాగం బాగుంటే తర్వాతి మార్కుల్లో కూడా అదే నంబరుతో వాడుకున్నారు. కాబట్టి 300 ఉంటే స్పిట్‌ఫైర్‌ది అనొచ్చు, ఏ మార్కుదో మాత్రం ఆ ఒక్క అంకెతో చెప్పలేం. పక్కన సీబీఏఎఫ్ అనే ముద్ర ఉంటే అది కాసిల్ బ్రామిచ్ ఫ్యాక్టరీది. సుమారు 12 వేల స్పిట్‌ఫైర్లు అక్కడే తయారయ్యాయి. డి హావిలాండ్ కంపెనీ చేసిన మస్కిటో అనే యుద్ధ విమానం డిజైన్ నంబరు డీహెచ్ 98, దాని భాగాల మీద 98 కోసం వెతకండి.

కిరీటం, దాని కింద ఏఎమ్ అన్న అక్షరాలు ఉంటే ఎయిర్ మినిస్ట్రీ, అంటే అప్పటి బ్రిటిష్ విమానయాన శాఖ సొత్తు. దానితోపాటు ఉండే స్టోర్స్ నంబరు మొదట్లో 6ఏ ఉంటే గేజీలు, 5సీ అయితే ఎలక్ట్రికల్ సామాను, 22సీ అయితే పైలట్ల దుస్తులు, హెల్మెట్లు. అయితే ఒకే స్విచ్ పది రకాల విమానాల్లో ఉండేది. అలాంటిదాన్ని ఒక్క విమానం పేరుతో అమ్మితే నమ్మకండి. నాలుగంకెల తర్వాత 99 వచ్చే పొడవాటి నంబరైతే నాటో పద్ధతిలో బ్రిటన్ ఇచ్చినది, అంటే యుద్ధం తర్వాతి సంగతి.

3. లోహం ఏమిటో తేల్చండి

అయస్కాంతం అంటుకుంటే ఉక్కు. అంటకపోతే అల్యూమినియం కావచ్చు, మెగ్నీషియం కావచ్చు. అదే సైజు అల్యూమినియం కంటే మెగ్నీషియం మూడో వంతు తేలిక. కనబడని మూల కొంచెం గీకి ఒక చుక్క వెనిగర్ వేస్తే మెగ్నీషియం బుసబుసా పొంగుతుంది. ఈ తేడా తెలియాల్సిందే, ఎందుకంటే మెగ్నీషియం పొడికి నిప్పంటుకుంటే నీళ్లతో ఆరదు, ఇంకా రెచ్చిపోతుంది. దాని మీద గ్రైండర్ వద్దు.

4. బోల్టులు విప్పడం

ఆ కాలపు బ్రిటిష్ బోల్టులు బీఎస్ఎఫ్ (బ్రిటిష్ స్టాండర్డ్ ఫైన్), బీఏ (బ్రిటిష్ అసోసియేషన్) అనే పాత మర కొలతల్లో ఉంటాయి. పావు అంగుళం బీఎస్ఎఫ్ బోల్టు తల వెడల్పు సుమారు 11.3 మిల్లీమీటర్లు. 11 స్పానర్ ఎక్కదు, 12 జారి మూలలు తినేస్తుంది. సరైన స్పానర్లు కొనుక్కోండి. బిగుసుకుపోతే పెనిట్రేటింగ్ ఆయిల్ పోసి రోజుల తరబడి వదిలేయండి. బలం చూపిస్తే బోల్టు విరుగుతుంది. బీఏ మరలో మెట్రిక్ బోల్టు దూర్చారో, పాత మర పోయినట్టే.

5. శుభ్రం చేయడం

గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా మెత్తటి సబ్బు, పాత టూత్‌బ్రష్. గట్టిపడిన మట్టికి వెదురుపుల్ల. చివర్లో డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి వెంటనే ఆరబెట్టండి. నాకు తెలిసి నూటికి తొంభై ముక్కలకు ఇంతకు మించి అక్కర్లేదు.

కాస్టిక్ సోడా, బాత్రూం యాసిడ్ దగ్గరికి రానీయకండి, అల్యూమినియాన్ని తినేస్తాయి. స్టీల్ వూల్ కూడా వద్దు. దాని తునకలు మెత్తటి అల్యూమినియంలో ఇరుక్కుని, తేమ తగలగానే చుట్టూ కొత్త తినుడు మొదలవుతుంది. డ్యురాలుమిన్ (విమానాలకు వాడే గట్టి అల్యూమినియం మిశ్రమం) రేకు అంచులు తాపేశ్వరం కాజాలా పొరలు పొరలుగా ఉబ్బి ఉంటే లోపల లోహం చచ్చిపోయిందని అర్థం. దాన్ని అంతటితో ఆపగలరు గానీ మళ్లీ గట్టిపరచలేరు.

పాత ఆకుపచ్చ, పసుపు ప్రైమర్లలో క్రోమేట్ ఉంటుంది, పసుపు మెరుపుండే ఉక్కు నట్ల మీద క్యాడ్మియం పూత ఉంటుంది. రెండూ విషమే, పొడిగా సాండ్‌పేపర్ పట్టొద్దు. పెర్‌స్పెక్స్ (అద్దంలాంటి ప్లాస్టిక్) ముక్కలకు స్పిరిట్, అసిటోన్ తగిలిస్తే సన్నటి పగుళ్లు వచ్చేస్తాయి.

6. రంగు వేయాలా?

వీలైతే వద్దు. కాక్‌పిట్ లోపలి బూడిద ఆకుపచ్చ రంగు అరిగి ఉన్నా అసలుదే విలువ. మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ పల్చగా పట్టించి మెత్తటి గుడ్డతో రుద్దితే చాలు. లేని భాగం కొత్తగా చేయించి అమర్చాల్సి వస్తే, అది కొత్తదని తెలిసేలా వెనకవైపు తేదీ వేయండి. మన నిజాం డబ్బుతో 1918లో బ్రిటిష్ వైమానిక దళం (ఆర్ఏఎఫ్) 110 స్క్వాడ్రన్‌కు డీహెచ్9ఏ బాంబర్ విమానాలు సమకూరాయి. వాటిలో ఎఫ్1010 నంబరు విమానం జర్మన్లకు చిక్కి, చివరికి పోలండ్ నుంచి 1977లో ఆర్ఏఎఫ్ మ్యూజియానికి చేరింది. దానికి రెక్కలు కొత్తగా చేయించాల్సి వచ్చింది. పెద్ద మ్యూజియాలు కూడా కొత్తదాన్ని కొత్తదనే రాసిపెట్టుకుంటాయి.

తీసిన ఫొటోలు, చదివిన నంబర్లు, ఎక్కడ కొన్నారు, ఏమేం చేశారు అన్నీ ఒక కవర్లో వేసి ముక్కతోనే ఉంచండి. ఇంట్లో బాగుచేసిన భాగం ఎంత చక్కగా కుదిరినా ఎగిరే విమానానికి పనికిరాదు. దానికి ఆమోదం పొందిన వర్క్‌షాపు పరీక్ష, పత్రం కావాలి. అమ్మేటప్పుడు "ప్రదర్శనకు మాత్రమే" అని చీటీ కట్టి ఇవ్వండి.