లినక్స్‌లో విండోస్ ఆటలు, 3వ పాఠం: అడ్తిదారు, దేవునర్ర

పోయిన పాఠంలో పెన్‌డ్రైవ్ తయారు చేసి లినక్స్ ఎక్కించాం. ఆటలు కొని ఆడుకునే స్టీమ్ కూడా దించుకున్నారనుకుంటాను. హనుమకొండలో మా మేనల్లుడు అక్కడిదాకా వచ్చి ఆగిపోయాడు. "మామా, ఇది విండోస్ ఆట గదా, ఇండ్ల ఎట్ల నడుస్తది?" అన్నాడు. వాడిది ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్. విండోస్ 11కు అది చాలదు. విండోస్ 10కేమో మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అందుకే ఇటు మళ్లాం.

తెర మీద బొమ్మ గీయాలన్నా, ఫైల్ తెరవాలన్నా ఆట తనంతట తాను చేయలేదు, ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగాలి. ఎలా అడగాలో చెప్పే కట్టుబాటుకే ఏపీఐ అని పేరు. విండోస్ ఆటలు బొమ్మల కోసం ఎక్కువగా డైరెక్ట్‌ఎక్స్‌లో అడుగుతాయి. అది 1995లో మైక్రోసాఫ్ట్ తెచ్చినది, లినక్స్‌కు రాదు. లినక్స్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్‌కు తెలిసింది వల్కన్ అనే ఇంకో ఏపీఐ.

మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లినవాళ్లకు ఇక్కడి నుంచి సులువు. బయటి రాష్ట్రం వ్యాపారికి తెలుగు రాదు, మన రైతుకు ఆయన మాట తెలియదు. మధ్యలో అడ్తిదారు ఈ మాట అటు, ఆ మాట ఇటు చెబుతాడు. బేరం తెగుతుంది. సరుకు మాత్రం అదే సరుకు.

ప్రోటాన్ ఆ అడ్తిదారు. స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ 2018లో విడుదల చేసింది. ఇలాంటి వాటిని కంపాటబిలిటీ లేయర్ అంటారు. ప్రోటాన్‌లో ఒక్కడే పని చేయడు. ఫైళ్లు, కిటికీలు, కీబోర్డు లాంటి వాటి కోసం ఆట అడిగే మామూలు పనులను వైన్ చూసుకుంటుంది. ఇది 1993 నుంచి ఉంది, మన వైన్స్ షాపుకూ దీనికీ సంబంధం లేదు! డైరెక్ట్‌ఎక్స్ 8 నుంచి 11 దాకా డీఎక్స్‌వీకే వల్కన్‌లోకి మారుస్తుంది. 12 అయితే వీకేడీ3డీ-ప్రోటాన్.

దీన్ని ఎమ్యులేటర్ అనకండి. పాత ప్లేస్టేషన్ ఆటను కంప్యూటర్‌లో ఆడాలంటే ఆ మెషీన్ ప్రాసెసర్‌నే నటించి చూపాలి, అది ఎమ్యులేషన్. ఇక్కడ ఆట మీ ప్రాసెసర్ మీదే నేరుగా నడుస్తుంది, మారేది ఆట అడిగే మాటలే. అందుకే వేగం పెద్దగా పడిపోదు. కొత్త ఆట మొదటిసారి తెరిచినప్పుడు కొంచెం ఆగి ఆగి నడిస్తే టెన్షన్ పడకండి. షేడర్లు అనే చిన్న చిన్న గ్రాఫిక్స్ ప్రోగ్రాములు మీ కార్డుకు తగ్గట్టు తయారవుతున్నాయంతే.

మరి అన్నీ నడుస్తాయా? నడవవు. మేనల్లుడి మొహం మాడింది ఇక్కడే, వాడికి కావలసింది వాలరెంట్ అనే ఆన్‌లైన్ ఆట.

ఇంట్లో దేవునర్ర, అంటే పూజగది, ఉంటుంది కదా, ఎవరిని పడితే వాళ్లను రానివ్వం. ఆపరేటింగ్ సిస్టమ్‌లో అలాంటి అర్ర కెర్నల్. మెమరీ, డిస్కు, గ్రాఫిక్స్ కార్డు అన్నీ దాని చేతిలోనే. దొంగాట పట్టడానికి వాలరెంట్ పెట్టిన వాన్‌గార్డ్ విండోస్ దేవునర్రలోనే కూర్చుంటుంది. లినక్స్‌లో ఆ అర్రే వేరు, అడ్తిదారు మాట మార్చగలడు గానీ లేని అర్ర చూపించలేడు. దొంగాట పట్టే వేరే ప్రోగ్రాములు ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్ ఐ వాడే ఆటల్లో కొన్ని నడుస్తాయి, కొన్ని నడవవు. ఆట చేసినవాళ్లు ప్రోటాన్‌కు అనుమతి ఇచ్చారా లేదా అన్నదే లెక్క. నా మాటైతే, రోజూ ఆడే ఆట ఈ నడవనివాటిలో పడితే విండోస్ పూర్తిగా తీసేయకండి.

ఇంకొకటి, ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకుని నేర్చుకున్నది. పాత విండోస్ డిస్కులోని ఆటల ఫోల్డర్‌నే స్టీమ్‌కు చూపించాను, మళ్లీ దించే డేటా మిగులుతుందని. ఒక్క ఆటా తెరుచుకోలేదు. ఆ డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే, విండోస్ ఫైళ్లు దాచుకునే పద్ధతిలో ఉంది. ప్రోటాన్ పెట్టుకునే కొన్ని ఫైళ్ల పేర్లు అందులో పొసగవు. ఆటలను లినక్స్ డిస్కులోకి కాపీ చేశాక నడిచాయి.

ఇంటిపని: మీ దగ్గరున్న మూడు ఆటల పేర్లు రాసుకోండి. ఒక్కోదాన్ని ప్రోటాన్‌డీబీ అనే వెబ్‌సైట్‌లో వెతకండి. అక్కడ ఆడినవాళ్లే ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని చెబుతారు. అసలు నడవనిదాన్ని బోర్క్‌డ్ అంటారు. తర్వాత గోల్డ్ వచ్చిన ఆటను స్టీమ్‌లో పట్టుకుని, ప్రాపర్టీస్‌లో కంపాటబిలిటీ పేజీ తెరిచి, ప్రోటాన్ వర్షన్ ఒకటి మార్చి చూడండి. ఏ వర్షన్‌తో బాగా నడిచిందో పక్కన రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో, డ్యూయల్ బూట్ (ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకోవడం) దగ్గర, ఆ కాగితం కావాలి.