కొండ మీది నుంచి హ్యామ్ రేడియో – 4వ పాఠం: గుత్తి కోట అంచున

హ్యామ్ రేడియోలో, అంటే లైసెన్సు తీసుకొని అభిరుచి కోసం నడిపే రేడియోలో, 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న రెండు మీటర్ల బ్యాండులో (తరంగం పొడవు దాదాపు రెండు మీటర్లు కనుక ఆ పేరు) ఇంటి మిద్దె మీది నుంచి మాట్లాడటం గత పాఠంలో నేర్చుకున్నాము. ఇప్పుడు అదే 5 వాట్ల చేతి సెట్టును కొండ ఎక్కిద్దాము. అనంతపురం జిల్లాలోని గుత్తి కోటను ఉదాహరణగా తీసుకుంటున్నాను. లైసెన్సు షరతులను మొదటి పాఠంలోనే చూశాము కనుక ఇక్కడ తిరిగి చెప్పడం లేదు.

ముందుగా లెక్క. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో దిగంతం, అంటే నేల వంపు అడ్డు రాకముందు తరంగం చేరే హద్దు, ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. నేల మీద నిలబడిన మనిషి చేతిలోని సెట్టుకు అది 6 కిలోమీటర్లకు మించదు. మైదానం నుంచి దాదాపు 300 మీటర్లు లేచిన గుత్తి కొండ మీద 71 కిలోమీటర్లు వస్తుంది. ఇరువైపుల దూరాలను కూడితే మాట అందే మేర తేలుతుంది. అనంతపురం గుత్తికి నేరుగా 50 కిలోమీటర్ల లోపే ఉంది కాబట్టి అక్కడ వీధిలో నిలబడినవారు కూడా మన లెక్కలోకి వస్తారు. కర్నూలు 90 కిలోమీటర్లు దాటుతుంది కాబట్టి అక్కడివారి యాంటెన్నా దాదాపు 24 మీటర్ల ఎత్తున ఉంటే తప్ప లెక్క కుదరదు. ఇదంతా నేల సమంగా ఉందనుకొని వేసినది. నడుమ గుట్ట అడ్డం వస్తే తప్పుతుంది.

ఇక నిలబడే చోటు. అన్నిటికంటే ఎత్తైన బండే మంచి చోటని కొత్తవారు అనుకుంటారు. నేనూ అలాగే అనుకొని, మొదటిసారి కొండ నడినెత్తిన కూర్చొని గంటసేపు పిలిచినా ఎవరూ పలకలేదు. విసుగు పుట్టి దక్షిణపు అంచుకు నలభై అడుగులు నడిచి పిలిస్తే, అనంతపురం వైపు నుంచి వెంటనే జవాబు వచ్చింది. కొండ నెత్తి వెడల్పుగా ఉన్నప్పుడు మన కాళ్ళ ముందరి రాతినేలే దూరపు పల్లాన్ని కప్పివేస్తుంది. బురుజు అంచున, ఒకప్పుడు ఈ కోటను ఏలిన మరాఠా నాయకుడు మురారిరావు కూర్చున్నదని చెప్పే చిన్న మండపాన్ని చూస్తే ఈ సంగతి తేలికగా అర్థమవుతుంది: ఊరంతా కనబడాలని ఎంచుకున్న చోటు అది, మన బ్యాండుకు కావలసినదీ ఆ చూపే. అయితే కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. గోడలకు మేకు కొట్టరాదు, మండపానికి గడ ఆనించరాదు.

సెట్టుతో వచ్చే రబ్బరు యాంటెన్నాను సంచిలోనే ఉంచి, పావు తరంగపు (తరంగం పొడవులో నాలుగో వంతు ఉండే) యాంటెన్నాను చేసుకోండి. నాలుగు మూలలా రంధ్రాలున్న చదరపు కేబుల్ కనెక్టరు ఒకటి తీసుకొని, దాని నడిమి పిన్నుకు 49 సెంటీమీటర్ల గట్టి రాగి తీగను నిలువుగా సోల్డరు చేసి, ఆ రంధ్రాలకు 51 సెంటీమీటర్ల తీగలను బిగించి, వాటిని గొడుగు కమ్ముల మాదిరిగా 45 డిగ్రీల కిందికి వంచితే చాలు. అలా వంచినప్పుడే అది 50 ఓముల కేబుల్‌కు సరిపడుతుంది. సన్న కేబుల్‌ను పొడుగ్గా వాడకండి: ఈ ఫ్రీక్వెన్సీలో 10 మీటర్ల కేబుల్ దాదాపు మూడో వంతు శక్తిని మింగేస్తుంది, 3 మీటర్లు చాలు. బండ మీద మేకు దిగదు కనుక వెదురుగడ మొదటిని రాళ్ళ నడుమ ఇరికించి, మూడు వైపులా తాళ్ళు లాగి కట్టాలి. ఆషాఢపు గాలికి రెండు తాళ్ళు నిలవవు.

పిలవడానికి ముందు రెండు మూడు నిమిషాలు ఊరికే వినండి. మన సెట్టు వాడే ఎఫ్‌ఎం పద్ధతిలో బలమైన సంకేతం బలహీనమైనదాన్ని పూర్తిగా అణచివేస్తుంది కాబట్టి, మీరు మాట్లాడే మీట నొక్కిన మరుక్షణం కింద మాట్లాడుకుంటున్న ఇద్దరి సంభాషణ తెగిపోవచ్చు. ఛానెల్ ఖాళీ అని తేలాకే "సీక్యూ" (ఎవరైనా పలకండి అనే పిలుపు) అని పిలిచి, మీ కాల్‌సైన్‌ను (లైసెన్సుతో ఇచ్చిన గుర్తింపు పేరును) అక్షరం అక్షరంగా చెప్పి, గుత్తి కొండ మీద ఉన్నానని చేర్చండి. సంభాషణలను నమోదు చేసే లాగ్‌బుక్కులో సమయాన్ని యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటైన ప్రామాణిక సమయంలో, రాయాలి: మన ఉదయం 10 గంటలు యూటీసీలో 04:30.

అభ్యాసం: మీకు దగ్గరలోని కొండ ఎక్కి, ఒకే స్టేషనుతో నడినెత్తి నుంచి ఒకసారి, ఆ స్టేషను వైపు అంచు నుంచి ఒకసారి మాట్లాడి, మీ మాట ఎలా వినబడిందో అవతలివారు చెప్పిన రెండు రిపోర్టులనూ లాగ్‌బుక్కులో పక్కపక్కనే రాసుకొని రండి.