హెచ్‌-1బీ నిబంధనలు మారతాయంటున్న వేళ ఉద్యోగం మారే ముందు జాగ్రత్తలు

- ఆ వార్త ప్రతిపాదనా, తుది నిబంధనా? ముందు అది తేల్చుకోండి. అమెరికాలో ప్రతిపాదన అక్కడి ప్రభుత్వ గెజిట్ అయిన ఫెడరల్ రిజిస్టర్‌లో వస్తుంది, అభిప్రాయాలకు సాధారణంగా 30 లేదా 60 రోజులు ఇస్తారు. తుది నిబంధన అమల్లోకి వచ్చేదాకా పాత నిబంధనలే. వాట్సాప్ ఫార్వర్డ్ చూసి టెన్షన్‌తో రాజీనామా చేయకండి.

- ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పుడు ఇచ్చే ప్రవేశ రికార్డు) మీద ఉన్న గడువు తేదీ చూసుకోండి. వీసా స్టాంపు తేదీ వేరు, ఇది వేరు. దేశంలో ఎంతకాలం ఉండొచ్చో చెప్పేది ఐ-94. చాలామంది పొరబడేది ఇక్కడే, నాకు ఎక్కువ భయం వేసేదీ ఇక్కడే.

- కొత్త కంపెనీ మీ కోసం ఇమిగ్రేషన్ శాఖకు పిటిషన్ (దరఖాస్తు) వేసి, రసీదు వచ్చాకే పాత ఉద్యోగం వదలండి. ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 గడువు ముందే ముగిస్తే అంత కూడా ఉండదు.

- పే స్లిప్పులు, ఐ-797 (పిటిషన్‌పై ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే రసీదు, ఆమోద పత్రం) కాపీలు దగ్గరుంచుకోండి.

- పిటిషన్ పెండింగ్‌లో ఉండగా ప్రయాణమా? టికెట్ కొనేముందే లాయర్‌ని అడగండి.