విశాఖలో షికారుకు మొదటి ఎలక్ట్రిక్ సైకిల్ ఎలా ఎంచుకోవాలి?

ఎలక్ట్రిక్ సైకిల్ కొన్న ఆరు నెలలకే దానిని సెల్లారులో గోడకు ఆనించి, పైన పాత దుప్పటి కప్పి వదిలేసినవారు మా వీధిలోనే నలుగురు ఉన్నారు. నలుగురూ చేసిన పొరపాటు ఒక్కటే. దుకాణం ముందున్న చదునైన రోడ్డు మీద రెండు వందల మీటర్లు థ్రాటిల్ (తొక్కకుండానే మోటారుతో నడిపించే పిడి) తిప్పి చూసి, భలే ఉందనుకుని అక్కడికక్కడే డబ్బు కట్టేశారు. చదునైన రోడ్డు మీద ఏ సైకిలైనా బాగానే నడుస్తుంది. విశాఖపట్నం మాత్రం సముద్రం ఒడ్డుకు దిగినవాడు ఇంటికి చేరాలంటే ఏదో ఒక మెరక ఎక్కక తప్పని ఊరు. నా కోసం మూడు, బంధుమిత్రుల కోసం పదికి పైగా సైకిళ్ళు ఎంచిన అనుభవంతో, ఏది త్వరగా తేల్చుకోవచ్చో, ఎక్కడ తొందర పనికిరాదో ఇక్కడ రాస్తున్నాను. సెలవు రోజుల్లో సరదాగా తిరగడానికి కొనేవారికే ఇది వర్తిస్తుంది. రోజూ ఆఫీసుకు వెళ్ళేవారి లెక్కలు వేరు.

ముందుగా దారి, మేడమెట్లు

దుకాణానికి వెళ్ళకముందే రెండు ప్రశ్నలకు జవాబు రాసుకోవాలి. మొదటిది, మీరు ఎక్కువసార్లు వెళ్ళబోయే దారి ఏది? ఆర్కే బీచ్ నుంచి తెన్నేటి పార్కు, జోడుగుళ్ళపాలెం మీదుగా ఋషికొండకు వెళ్ళి రావడం రానూపోనూ ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. భీమిలి దాకా అయితే యాభై దాటుతుంది. ఎప్పుడో ఒకసారి భీమిలి వెళ్తామేమో అన్న ఊహతో పెద్ద బ్యాటరీకి డబ్బు పోయకుండా, ప్రతి ఆదివారం నిజంగా తిరిగే దూరాన్ని బట్టే కొనాలి.

రెండోది, రాత్రి సైకిలు ఎక్కడ ఉంటుంది? ఇవి చాలా వరకు 20 నుంచి 30 కిలోల మధ్య బరువు ఉంటాయి. మా బావమరిది లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉంటూ లావు టైర్ల సైకిలు కొన్నాడు; నాలుగో రోజుకు నడుం పట్టేసి, తర్వాత దానిని కింది వాటావారి దయకు వదిలేశాడు. సైకిలు కిందే ఉంటుందనుకుంటే బ్యాటరీ తాళం తీసి చేత్తో పట్టుకుపోయేలా ఉండాలి. ఫ్రేములో శాశ్వతంగా బిగించిన బ్యాటరీ ఉన్నదానిని నేను ఎవరికీ కొననివ్వను.

మోటారు, చట్రం

ఇక్కడ ఎక్కువ సేపు ఆగనక్కరలేదు. మోటారు శక్తి 250 వాట్లకు, మోటారు సాయంతో అందే వేగం గంటకు 25 కిలోమీటర్లకు మించకుండా, అందుకు తగిన పరీక్షా సంస్థ ధ్రువీకరణ ఉన్న సైకిలుకు రిజిస్ట్రేషను, లైసెన్సు అవసరం ఉండదు. ఆ పత్రం చూపించమని అడగాలి. 'చిన్న సెట్టింగు మారిస్తే నలభై వస్తుంది సార్' అని చెవిలో చెప్పే అమ్మకందారు మీకు మేలు చేయడం లేదు. ఆ సెట్టింగుతో మీ సైకిలు చట్టం దృష్టిలో మోటారు వాహనమవుతుంది, ప్రమాదం జరిగితే కాగితాలు లేని వాహనం నడిపినవారు మీరే అవుతారు.

మోటారు వెనక చక్రంలోనే ఉండాలి. ముందు చక్రంలో మోటారు ఉన్న సైకిలు మీద బీచ్ రోడ్డు మలుపులో పేరుకున్న ఇసుక తగిలితే, లాగే చక్రమే జారుతుంది. నా మోచేతి మీద మచ్చ అలా వచ్చిందే. పెడళ్ళ దగ్గర ఉండే మిడ్ డ్రైవ్ మోటారు మెరకలకు ఇంకా మంచిదే గాని, మొదటి సైకిలుకు అంత ఖర్చు అక్కరలేదు. గేర్లు కనీసం ఏడు ఉండాలి. చట్రం అల్యూమినియందై ఉంటే ఉప్పుగాలికి తుప్పు బెడద తగ్గుతుంది. లావు టైర్లు, మడత సైకిళ్ళు వద్దు. చీర కట్టుకునేవారు, మోకాళ్ళ నొప్పులవారు, అరవై దాటినవారు పై గొట్టం కిందికి ఉన్న చట్రమే తీసుకోవాలి.

పాత సైకిలుకు మోటారు కిట్టు బిగిస్తే సగం ధరలో పని అయిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. పాత సైకిలు బ్రేకులు, చక్రపు చువ్వలు ఆ బరువుకు, ఆ తోపుకు తయారైనవి కావు. పరికరాలతో ఆడుకోవడం సరదా అయినవారు చేసుకోవచ్చు. షికారుకు వెళ్ళాలనుకునేవారు చేయకూడదు.

బ్యాటరీ లెక్క

ప్రకటనలో రాసిన కిలోమీటర్లను పట్టించుకోవద్దు. ఆ అంకె తేలికైన మనిషి, చదును దారి, అతి తక్కువ సాయం అనే మూడు అనుకూలతలు కలిసినప్పటిది. బ్యాటరీ మీద వోల్టులు, యాంపియర్ గంటలు రాసి ఉంటాయి. ఆ రెండింటిని గుణిస్తే అందులో పట్టే విద్యుత్తు వాట్ గంటల్లో వస్తుంది. 36 వోల్టుల, 10 యాంపియర్ గంటల బ్యాటరీ అంటే 360 వాట్ గంటలు. అడుగంటా వాడకూడదు గనుక ఐదో వంతు తీసేస్తే 290 దాకా మిగులుతుంది. మన ఎగుడుదిగుళ్ళ మీద పెడల్ తొక్కుతూ మధ్యస్థంగా సాయం తీసుకుంటే కిలోమీటరుకు 10 వాట్ గంటలు వేసుకోవడం నా అలవాటు. అంటే నమ్మకంగా 29 కిలోమీటర్లు. ఋషికొండకు ఇది చాలు, భీమిలికి చాలదు. భీమిలి ఖాయమైతే 500 వాట్ గంటలకు తగ్గకూడదు, అప్పుడు కూడా మోటారు సాయం ఎంత కావాలో ఎంచుకునే మెట్లలో తక్కువ మెట్టులోనే ఉంచుకోవాలి.

ఇందులో గాలిని కూడా కలపాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. మన తీరం కూడా నైరుతి నుంచి ఈశాన్యానికే సాగుతుంది. అందువల్ల వెళ్ళేటప్పుడు వీపును తోసిన గాలి, వచ్చేటప్పుడు ఛాతీకి అడ్డు నిలుస్తుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తొక్కేవారికి 15 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే గాలి అడ్డు దాదాపు మూడు రెట్లవుతుంది. వెళ్ళేటప్పుడు సగం బ్యాటరీ మిగిలింది కదా అని మురిసిపోయినవారు తిరుగు దారిలో సాగర్ నగర్ దగ్గర సైకిలు దిగి తోసుకురావడం నేను చాలాసార్లు చూశాను.

మెరక మీద పరీక్ష

చేయవలసిన పని అంతా ఇక్కడే ఉంది, జనం వదిలేసేది కూడా దీనినే. గుర్తింపు కార్డో, కొంత సొమ్మో దుకాణంలో ఉంచి, కనీసం అరగంట సైకిలు ఇవ్వమని అడగండి. ఇవ్వనన్న దుకాణం నుంచి వచ్చేయండి. మరో మాట అనవసరం. ఆదివారం పొద్దున్నే, వాహనాలు తక్కువగా ఉన్నప్పుడు, బీచ్ రోడ్డు నుంచి పాండురంగాపురం మీదుగా సిరిపురం వైపు ఎక్కే దారి ఈ పనికి సరిపోతుంది. కైలాసగిరి ఘాట్ రోడ్డు మొదటి పరీక్షకు మరీ కఠినం; అక్కడ మంచి సైకిలు కూడా చెడ్డదానిలా కనిపిస్తుంది.

మొదట మోటారు పూర్తిగా ఆపి, చదును మీద అర కిలోమీటరు తొక్కండి. తొక్కడం ఆపేసినప్పుడు సైకిలు తనంతట తాను హాయిగా సాగుతుందా, ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు ఆగిపోతుందా గమనించండి. చక్రం మధ్యలో ఉండే మోటారును హబ్ మోటారు అంటారు. లోపల గేర్లున్న హబ్ మోటారైతే చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది. గేర్లు లేని హబ్ మోటారు అయస్కాంతాల వల్ల కొంత వెనక్కి లాగుతుంది. బ్యాటరీ అయిపోయిన రోజున మీరు ఇంటికి చేరేది ఈ లాగుడుతోనే. తర్వాత మోటారు ఆపే ఉంచి, అన్నిటికంటే తేలిక గేరులో మెరక మీద యాభై మీటర్లు ఎక్కండి. ఆయాసం రావచ్చు, చెమట పట్టవచ్చు, ఎక్కగలగాలి. ఎక్కలేకపోతే దాని మోటారు ఎంత గొప్పదైనా అది మీ సైకిలు కాదు. ఎలక్ట్రిక్ సైకిల్ ముందు సైకిలు, తర్వాతే ఎలక్ట్రిక్. ఈ వరుస తిరగేసి కొన్నవారి సైకిళ్ళే దుప్పట్ల కింద ఉన్నాయి.

ఇప్పుడు అసలు చిక్కు. మెరక మధ్యలో ఆగండి. బ్రేకు పట్టి, ఒక కాలు నేల మీద ఆనించి, సాయం రెండో మెట్టులో పెట్టి, అక్కడి నుంచి కదలండి. ఈ ఒక్క కదలికలో సైకిలు గుణం తెలిసిపోతుంది. సైకిళ్ళలో రెండు రకాల సెన్సార్లు ఉంటాయి. కేడెన్స్ సెన్సారు పెడల్ తిరుగుతోందా లేదా అన్నది మాత్రమే చూస్తుంది. పెడల్ కొంత తిరిగాక గాని మోటారు మేలుకోదు, మేలుకున్నాక తొక్కడం ఆపినా ఒక క్షణం తోస్తూనే ఉంటుంది. టార్క్ సెన్సారు పాదం ఎంత బలంగా నొక్కుతోందో కొలిచి, అంతకు తగ్గట్టు అప్పటికప్పుడు సాయం ఇస్తుంది. చదును మీద ఈ తేడా తెలియదు. మెరక మీద మొదటి రకం నాసిరకంగా ఉంటే, మీరు బలంగా తొక్కినప్పుడు ఊరుకుని, వెనక్కి జారబోతున్నారనుకున్నప్పుడు ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. నా మొదటి సైకిలు సిగ్నల్ దగ్గర సరిగ్గా ఇలాగే దూకి ముందున్న ఆటోను గుద్దింది. ఆటో అతను దిగి, చిన్న గీత పడిన బంపరును బొటనవేలితో రుద్దుతూ, "ఏటి బాబూ, బండిని మీరు తోల్తన్నారా, బండే మిమ్మల్ని తోల్తందా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఈ ఆగి కదలడం ఒక్కసారి చేసి ఊరుకోకూడదు. ఐదుసార్లు చేయాలి, అందులో రెండుసార్లు ఎడమ కాలితో మొదలుపెట్టాలి. డబ్బు సరిపోతే టార్క్ సెన్సారే తీసుకోండి. సరిపోకపోతే, పెడల్ పావు చుట్టు తిరిగేలోపు మేలుకునే కేడెన్స్ సెన్సారుతో సరిపెట్టుకోవచ్చు. అర చుట్టు దాటినా మేలుకోనిది వద్దు. థ్రాటిల్ ఉంది కదా, దానితో కదలవచ్చు కదా అని అమ్మకందారు అంటాడు. థ్రాటిల్ తిప్పి తిరగాలనుకుంటే ఎలక్ట్రిక్ స్కూటరే కొనుక్కోవచ్చు. అది ఇంకా సుఖం. సైకిలు మీద థ్రాటిల్ అలవాటైన కాళ్ళు నెలలోపు తొక్కడం మానేస్తాయి, బ్యాటరీ లెక్క తలకిందులవుతుంది.

తర్వాత మెరక చివరి దాకా ఒకే ఊపున ఎక్కండి. మనిషి, సైకిలు కలిసి వంద కిలోలు ఉంటే, వంద మీటర్లకు ఆరు మీటర్లు లేచే దారి మీద గంటకు 12 కిలోమీటర్ల వేగం నిలపడానికి దాదాపు 220 వాట్లు కావాలి. 250 వాట్ల మోటారు ఒక్కటే దీనంతటినీ మోయాలని చూడటం దానికి శిక్ష. వేగం ఆరేడు కిలోమీటర్లకు పడిపోతే చక్రంతో పాటు హబ్ మోటారు కూడా నెమ్మదించి, తీసుకునే విద్యుత్తులో పెద్ద భాగాన్ని వేడిగా మారుస్తుంది. కాబట్టి తేలిక గేరులో కాళ్ళు చురుగ్గా తిప్పుతూ వేగం నిలపాలి. పైకి చేరాక చేయి మోటారు పెంకుకు దగ్గరగా పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, వేలు ఆనించలేనంత వేడెక్కితే వద్దు.

ఎక్కేటప్పుడే బ్యాటరీ గీతల మీద ఒక కన్నుంచాలి. చాలా సైకిళ్ళలో ఆ గీతలు వోల్టేజీని బట్టి వెలుగుతాయి. బరువు పడినప్పుడు ఒక గీత తగ్గి, చదును రాగానే తిరిగి రావడం మామూలే. ఐదు గీతలు రెండుకు పడిపోయి, చదును మీద మళ్ళీ నాలుగు వెలిగితే మాత్రం ఆ బ్యాటరీ బరువు మోయలేకపోతోందన్న మాట. చాలా రోజులు ఛార్జింగు లేకుండా షోరూములో పడి ఉన్న సైకిళ్ళలో ఇది కనిపిస్తుంది.

దిగడం ఎక్కడం కంటే ముఖ్యం. దిగుతూ రెండు బ్రేకులూ కలిపి పట్టండి. బ్రేకు మీట కొంచెం నొక్కగానే మోటారు ఆగిపోవాలి. మీట హ్యాండిల్‌కు తగిలేదాకా వస్తే బిగింపు సరిచేయించి మళ్ళీ దిగి చూడాలి. కిందికి వచ్చాక బ్రేకు డిస్కును ముట్టుకోవద్దు, కాలుతుంది.

డబ్బు కట్టే ముందు

బ్యాటరీకి, మోటారుకు వారంటీ విడివిడిగా ఎంతో బిల్లు మీదే రాయించుకోవాలి. అదే బ్యాటరీ విడిగా ఎంత ధరకు దొరుకుతుందో ఇప్పుడే అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే కొన్నేళ్ళకు దానిని మార్చక తప్పదు. సైకిలు ఊళ్ళోనే బాగుచేస్తారా, పెట్టెలో పెట్టి ఎక్కడికో పంపాలా అన్నదీ తేల్చుకోవాలి. హీరో లెక్ట్రో, ఈమోటోరాడ్ వంటి పేరున్నవైనా, పేరు లేనివైనా ఈ ప్రశ్నలు మారవు.

బ్యాటరీ మీద ఐపీ67 అని ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా నీరు చొరబడలేదని అర్థం. ఆ పరీక్ష మంచినీటితో చేసింది. సముద్రపు నీటికి అది హామీ కాదు, అలల అంచున ఫోటో కోసం సైకిలు దింపకండి. బీచ్ నుంచి వచ్చిన ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచి, చైను ఆరాక రెండు చుక్కల నూనె వేయాలి. పైపుతో ఒత్తిడిగా నీళ్ళు కొట్టకూడదు. ఛార్జింగు సైకిలు వేడి చల్లారాకే పెట్టాలి. 360 వాట్ గంటల బ్యాటరీ నిండడానికి అర యూనిట్‌కు అటూ ఇటూ కరెంటు సరిపోతుంది గనుక బిల్లు గురించి బెంగ అక్కరలేదు. రెండు మూడు వారాలు తిరగకపోతే బ్యాటరీని సగం పైచిలుకు ఛార్జింగుతో, ఎండ తగలని గదిలో ఉంచాలి. మే నెలలో బాల్కనీలో మాత్రం పెట్టకండి.