హైదరాబాద్‌లో పాత కట్టడం ఏ కాలంనాటిదో గుర్తుపట్టాలంటే

ముందు గుమ్మటం అడుగుభాగం చూడండి. అది కట్టడం మీద కూర్చునే చోట చుట్టూ తామరరేకులు విచ్చుకున్నట్టు ఉంటే కుతుబ్‌షాహీ శైలి అనుకోవచ్చు. గోల్కొండ దగ్గరి ఏడు సమాధుల్లో ఇది చాలా స్పష్టంగా కనిపిస్తుంది. ఫోన్ కెమెరా జూమ్ చేస్తే రేకుల అంచులు కూడా తెలుస్తాయి. అక్కడే జంషీద్ కులీ సమాధి కూడా చూడండి, ఎనిమిది పలకలతో రెండంతస్తులుగా ఉంటుంది.

తర్వాత కమాను. 1591 నాటి చార్మినార్ పెద్ద కమానులు పైన మొనదేలి, అంచు నున్నగా సాగుతాయి. అదే అంచు వెంట చిన్న చిన్న వంపులు వరసగా ఉంటే మొఘల్ ప్రభావం, ఎక్కువగా ఆసఫ్‌జాహీల, అంటే నిజాంల కాలం. సంతోష్‌నగర్ దగ్గర, ‘పైగా’ అనే నవాబుల వంశం వారి సమాధులకు వెళ్తే ఈ తేడా ఇట్టే పట్టేస్తారు. అక్కడ పెద్ద గుమ్మటాలు లేవు, అందమంతా గచ్చుపనిలో (సున్నంతో చేసిన నగిషీ), జాలీల్లోనే (చిల్లుల అల్లికలా చెక్కిన తెరలు). ఉదయం ఏటవాలు ఎండలో వెళ్లండి, మిట్టమధ్యాహ్నం ఆ నగిషీ సగం కనిపించదు. గచ్చును మాత్రం చేత్తో తాకకండి, పాత సున్నం పొడిగా రాలిపోతుంది.

ఒకప్పుడు బ్రిటిష్ ప్రతినిధి ఉన్న కోఠి రెసిడెన్సీలో ఎత్తైన స్తంభాల తలల మీద ఆకులు, పైన త్రికోణం ఉంటాయి. అది యూరప్ శైలి. మూసీ ఒడ్డున 1920లో ప్రారంభమైన హైకోర్టుది ఇండో సారసెనిక్, అంటే భారతీయ, ఇస్లామిక్, యూరప్ పద్ధతులు కలిసిన శైలి.