మొదటి వానకే పంట కాలువలోకి నల్లనీళ్లా? ముందు పలక ఎత్తండి

సమస్య: గంటసేపు గట్టి వాన పడితే చాలు, ఊరి డ్రైను పంట కాలువలో కలిసే చోట నల్లనీళ్లు కంపు కొడుతూ దిగుతాయి. ధవళేశ్వరం నుంచి వచ్చే ఆ కాలువ నీళ్లే దిగువ ఊళ్లవాళ్లు మంచినీటి చెరువులకు పెట్టుకుంటారు.

వాన లేకపోయినా రోజూ కంపేనా? ఎవరో సెప్టిక్ ట్యాంకు గొట్టం డ్రైన్లో కలిపారు, మూయించండి. నీటిమీద రంగురంగుల తెట్టు తేలితే మెకానిక్ షెడ్డు కాలిన ఆయిల్. 

వానకే వస్తున్నాయంటే కారణం ఇళ్లముందు డ్రైను మీద కప్పిన పలకల కింద పూడిక. "మొన్ననేగా తీయించాం" అంటారు. తీసింది పైకి కనిపించే మేరే! పలక కింద కొబ్బరి డొక్కలు, పాల పాకెట్లు అడ్డుపడి వాటి వెనక బురద పేరుకుంటుంది. ఎండాకాలం వాడుక నీళ్లు పైపైన సన్నగా పారుతూనే ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కింది బురద గాలి తగలక కుళ్లి నల్లబడుతుంది. జోరు వాన రాగానే నెలల కుళ్లంతా ఒక్కసారే కదిలి కాలువలో పడుతుంది.

పలకకు ఎగువన, దిగువన నీటిమట్టం చూడండి. ఎగువన బెత్తెడు ఎక్కువుంటే అడ్డు అక్కడే. రెండు పక్కలా సమానంగా నిలిచి ఉంటే ఇంకా దిగువకు నడవండి. డెల్టా నేలకు వాలు తక్కువ, ఒక్క పలక కింద పూడినా వీధంతా నిలుస్తుంది.

డ్రైను కాలువలో కలిసే కొసన ఇసుక బస్తాలు అడ్డేసి, దిగువ నుంచి ఎగువకు తీయండి. పలక ఎత్తాక కాసేపు గాలి ఆడనివ్వండి, మనిషిని లోపలికి దూర్చకండి, పొడవాటి పారతో లాగండి. బురదను గట్టున వదిలేస్తే తర్వాతి వానకు మళ్లీ లోపలికే. నీళ్లోడ్చగానే ట్రాక్టర్లో తరలించండి. బురదమీద బ్లీచింగ్ చల్లడం డబ్బు దండగ, క్లోరిన్ను ఆ కుళ్లే మింగేస్తుంది.

మైకులో ప్రచారం ఎవరూ వినరు. పలక ఎత్తినప్పుడే ఆ ఇంటావిడను పిలవండి: "ఇదిగో చూడమ్మా, మీ పలక కిందే ఇన్ని డొక్కలు." ఆ సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. మళ్లీ ఒకే స్లాబు పోయనివ్వకండి. బండ్లు ఎక్కని చోట 3 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, 3 అంగుళాల మందంతో కొక్కేలున్న ముక్కలు వేయించండి. ఒక్కోటి 50 కిలోల పైచిలుకు, ఇద్దరు ఎత్తగలరు.

ఈ పనంతా వేసవిలో కాలువకు నీళ్లు కట్టేశాక, మళ్లీ వదలకముందే అయిపోవాలి. వేసవి జల్లులకు దిగిన మురుగు ఎండిన కాలువ అడుగునే ఉంటుంది. అందుకే కాలువ వదిలిన తొలి నీళ్లు చెరువుకు పెట్టకండి. తేటపడేదాకా తూము తెరవొద్దు.