దిగుమతి సుంకం మారితే క్వింటా పత్తికి ఎంత తేడా వస్తుందో లెక్కగట్టడం ఎలా

మహారాష్ట్ర సరిహద్దులోని రాజూరా, కిన్వట్, పాంఢర్‌కవడా తాలూకాల్లో పత్తి వేసే తెలుగు రైతులకు సుంకాల సంగతి చాలాసార్లు జిన్నింగు మిల్లు గేటు దగ్గరే తెలుస్తుంది. ‘బయటి దూది దిగుతోంది, రేటు పడింది’ అని వ్యాపారి చెప్పినప్పుడు, పడిన దానిలో సుంకం వాటా ఎంత, బేరం వాటా ఎంత అని తేల్చుకోగలిగితేనే బండి దించాలో వెనక్కి తిప్పాలో నిర్ణయించుకోవచ్చు.

మొదట సుంకం ఉత్తర్వులోని తేదీలు చూడాలి. 2021 బడ్జెట్టు పత్తి దిగుమతిపై అన్నీ కలిపి 11 శాతం సుంకం విధించింది. 2022లో దాన్ని కొన్ని నెలలపాటు ఎత్తివేశారు. 2025 ఆగస్టు 19న మళ్లీ మినహాయింపు ఇచ్చి, మొదట సెప్టెంబరు 30 వరకు అన్న గడువును డిసెంబరు 31 దాకా పొడిగించారు. ఆ ఆగస్టులోనే అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి చేర్చడంతో, దుస్తుల పరిశ్రమకు ముడిసరుకు చవకగా అందాలన్న ఒత్తిడి పెరిగింది. మన ప్రాంతంలో పత్తి మార్కెట్టుకు వచ్చేది సరిగ్గా ఆ మినహాయింపు నెలల్లోనే కావడం రైతుకు నచ్చే విషయం కాదు.

ఇక లెక్క. ప్రపంచ మార్కెట్టులో దూది ధరను పౌనుకు ఇన్ని సెంట్లని చెబుతారు. మన వ్యాపారులు ఖండీలలో మాట్లాడతారు. ఖండీ అంటే 356 కిలోలు, సుమారు 784 పౌన్లు. ఓడ కిరాయి, బీమా కలుపుకొని దూది 72 సెంట్లకు మన రేవు చేరిందనీ, డాలరు 88 రూపాయలనీ అనుకుంటే ఖండీ దాదాపు 49,670 రూపాయలు, అంటే కిలో 139 రూపాయల 50 పైసలు పడుతుంది. క్వింటా పత్తిలో దూది 34 కిలోలు వస్తుందనుకుంటే దాని విలువ 4,740 రూపాయలు. దీనిమీద 11 శాతమంటే 520 రూపాయలు. సుంకం తీసేసినందువల్ల క్వింటాకు పడగల తేడా గరిష్ఠంగా అంతే. వ్యాపారి అంతకుమించి తగ్గిస్తే మిగతాదానికి కారణం అడగవలసిందే. పత్తిగింజలను మరచిపోకూడదు: 64 కిలోలు కిలో 33 రూపాయల చొప్పున మరో 2,110 రూపాయలు. మొత్తం 6,850 రూపాయలు, సుంకం ఉంటే 7,370. జిన్నింగు ఖర్చు ఇందులోంచే పోవాలి. సెంట్లు, డాలరు, గింజల ధర ఏ రోజుకు ఆ రోజువి వేసుకోవాలి.

ఈ మొత్తాన్ని మద్దతు ధర పక్కన పెట్టి చూస్తే అసలు విషయం బయటపడుతుంది. 2025–26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర 8,110 రూపాయలు. సుంకం ఉన్నా లేకపోయినా పై లెక్క దాన్ని అందుకోలేదు. కాబట్టి మద్దతు ధరకు కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ (భారత పత్తి సంస్థ) కేంద్రంలో అమ్ముకోగల రైతును సుంకం పెద్దగా కదిలించదు. అక్కడికి చేరలేనివారే ఆ దెబ్బ తింటారు. అందుకే సీసీఐకి అమ్మడానికి పేరు నమోదు చేసుకునే కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు, సాత్‌బారాలో (మహారాష్ట్ర భూమి రికార్డు కాగితంలో) పత్తి పంట ఎక్కించుకోవడం ముందే ముగించుకోవాలి. కాగితం భూయజమాని పేరిట ఉండే కౌలు రైతు, పైరు వేసేటప్పుడే అతనితో ఈ మాట తేల్చుకోవడం మంచిది. సీసీఐ కేంద్రంలో తేమ 8 శాతం మించితే ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోస్తారు, 12 దాటితే కొనరు. 12 దగ్గర క్వింటాకు 324 రూపాయలు పోతాయి. సుంకం రైతు చేతిలో లేదు కానీ, పత్తిని రెండు రోజులు ఎండలో పలుచగా ఆరబోయడం చేతిలో పనే.

ప్రైవేటుకే అమ్మక తప్పనివారు ఒకటి గమనించాలి: మినహాయింపు గడువు తీరిన మర్నాడే రేటు లేవదు. బ్రెజిల్ నుంచి గానీ అమెరికా నుంచి గానీ సరుకు రావడానికి నెల దాటుతుంది; గడువులోపు దించుకున్న బేళ్లు నూలు మిల్లుల గోదాముల్లో ఉన్నంతకాలం ఆ మిల్లులకు కొత్త కొనుగోళ్ల తొందర ఉండదు.